తెల్లరంగుకు నీళ్ళు పోయకండి



భోజనాలయ్యాయి, వంటిల్లు సర్దేశారు, కాస్త నడుం వాలుద్దామనుకునే వేళకు నేను రేడియోలో తయారయ్యాను. కాసేపు ఓపిక పట్టండి. ఈవేళ నేను చెప్పబోయేది మనలో చాలామంది ఇంటిపట్టున ఉండి నాలుగు రాళ్ళు సంపాదించుకుందామని మొదలుపెడుతున్న పని గురించి. అదే స్క్రీన్ ప్రింటింగు. అందులోనూ ఒకే ఒక్క చిక్కు గురించి. ముదురురంగు గుడ్డమీద తెల్లరంగు అద్దబోతే అది స్క్రీనులోంచి కిందికి దిగదు. వెన్నముద్దలా పైనే కూర్చుంటుంది. అప్పుడేం చెయ్యాలి? నేనేం చేశానో ముందు చెబుతాను. అలా చెయ్యకూడదని తెలుసుకోవడానికి నాకు 40 సంచులు ఖర్చయ్యాయి.

పని తెలియనివారి కోసం ఒక్క ముక్క. చెక్క ఫ్రేముకు సన్నని నైలాను గుడ్డ బిగించి ఉంటుంది. డిజైను ఉన్నచోట గుడ్డ కన్నాలు తెరిచి ఉంటాయి, మిగతా అంతా మందుపూతతో మూసి ఉంటుంది. దాన్ని బట్టమీద పెట్టి, పైన రంగు వేసి, స్క్వీజీ అనే రబ్బరు బద్దతో లాగితే, తెరిచి ఉన్న కన్నాల్లోంచి రంగు బట్టమీదికి దిగుతుంది. అంతే పని. చూడ్డానికి చాలా తేలిక.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో కొన్నింటిని మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధించారు. ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకన్న పలచటి ప్లాస్టిక్ సంచులు కూడా వాడకూడదన్నారు. ఆ తరవాత మా వీధిలో పేరంటాలకూ, పెళ్ళిళ్ళకూ తాంబూలం పెట్టి ఇవ్వడానికి గుడ్డసంచులు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నేను గోధుమరంగు సంచులమీద నల్లటి అక్షరాలు అద్ది ఇచ్చేదాన్ని. బాగానే వచ్చేవి. పని వచ్చేసిందనే అనుకున్నాను.

మా పక్కవీధి పిన్నిగారు కూతురి పెళ్ళికి 100 సంచులు కావాలన్నారు. "మెరూను రంగు మీద తెల్లగా కలశం, కింద పిల్లవాడి పేరూ, పిల్ల పేరూ ఉండాలమ్మాయ్" అన్నారు. దానికేం భాగ్యం అన్నాను. కిలో తెల్లరంగు కొనుక్కొచ్చి డబ్బా మూత తీశాను. గరిటె నిలబెడితే నిలబడింది! సరే, స్క్రీనుమీద వేసి లాగాను. కలశం సగం పడింది. పెళ్ళికూతురి పేరులో రెండక్షరాలే పడ్డాయి. గట్టిగా నొక్కి మళ్ళీ లాగితే చేతులు నొప్పెట్టాయిగాని అక్షరాలు మాత్రం పూర్తి కాలేదు.

అట్లపిండి గట్టిగా ఉంటే మనమేం చేస్తాం? కాసిని నీళ్ళు పోస్తాం. నేనూ అదే చేశాను. పావుగ్లాసు పోశాను. చాల్లేదనిపించి మరో పావుగ్లాసు. హాయిగా జారింది! వరసగా 40 సంచులు అద్దేశాను. అద్దినప్పుడే కాస్త పలచగా కనిపించింది. కాని గడపకు బియ్యప్పిండి ముగ్గు పెట్టినా, గోడకు సున్నం కొట్టినా, తడిమీద ఏమీ కనిపించదు, ఆరాక తెల్లగా తేలుతుంది కదా. ఇదీ అంతేననుకున్నాను.

సాయంత్రానికి ఆరింది. తెలుపు కాదు, బూడిద రంగు. కలశం అంచులు పాకి కొబ్బరికాయ, మామిడాకులు కలిసిపోయాయి. అక్షరాల లోపలి ఖాళీలన్నీ పూడిపోయాయి. అనుమానం వచ్చి మర్నాడు ఒక సంచి ఉతికి చూశాను. ఉన్న తెలుపు కూడా సగం పోయింది. పెళ్ళి ఇంకా ఆరు రోజులుంది.

చెప్పకుండా ఇచ్చేద్దామా అన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. పెళ్ళిసందట్లో సంచి ఎవరు చూస్తారు, ఉతికేదాకా బండారం బయటపడదు కదా అనిపించింది. కాని రోజూ ఎదురుపడే మనుషులం. మనసొప్పక మర్నాడు పొద్దున్నే వెళ్ళి, "పిన్నిగారూ, 40 సంచులు పాడుచేశాను" అన్నాను. ఆవిడ ఒక్క నిమిషం ఊరుకుని, "మిగతా 60 ఉన్నాయిగా? పెళ్ళినాటికి ఇవ్వగలవా లేవా, అది చెప్పమ్మాయ్" అన్నారు. "ఇస్తాను" అన్నాను గాని ఎలా ఇస్తానో నాకే తెలియదు.

మా ఆడపడుచు మెట్టినవూరు పెడన. బందరు దగ్గర, కలంకారీ అద్దకానికి పేరున్న ఊరు. అక్కడ చెక్క అచ్చులతోపాటు స్క్రీను పని చేసేవాళ్ళూ ఉన్నారు. నా స్క్రీనూ, రంగు డబ్బా సంచిలో వేసుకుని బెజవాడలో బందరు రైలెక్కాను. ఆడపడుచు వాళ్ళింటి పక్కన జన్మంతా అద్దకం పనిలోనే ఉన్న ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన దగ్గర కూచుని డబ్బా మూత తియ్యబోతే, "అది ఉండనీ తల్లీ, ముందు నీ స్క్రీను చూపించు" అన్నారు. నేను రంగుకు జబ్బు అనుకున్నాను. ఆయన రంగువైపు చూడనైనా లేదు. ఆ పూట ఆయన దగ్గర నేర్చుకున్నదీ, తరవాత చేసి చూసుకున్నదీ కలిపి మీకు వరసగా చెబుతాను.

మొట్టమొదట, తెల్లరంగు ఎందుకంత చిక్కగా ఉంటుందో తెలుసుకోవాలి. అందులో ఉండే తెల్లపొడి పేరు టైటానియం డయాక్సైడు. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు. వెలుగును తిప్పికొట్టి కిందున్న రంగును కనిపించకుండా దాస్తుంది. నల్లరంగు లేతగుడ్డమీద పలచగా పడినా నల్లగానే కనిపిస్తుంది. తెలుపు అలా కాదు. మెరూనును దాచాలంటే బట్టమీద తగినంత మందంగా నిలబడాలి. అందుకే పొడి దట్టంగా కలుపుతారు. అంటే ఆ చిక్కదనం రంగులో ఉన్న లోపం కాదన్నమాట. మనం డబ్బిచ్చి కొన్నదే దానికోసం. నీళ్ళు పోస్తే పొడీ పలచబడుతుంది, దాన్ని బట్టకు పట్టి ఉంచే బైండరూ పలచబడుతుంది. అందుకే నా సంచుల్లో తెలుపూ రాలేదు, ఉతుక్కీ ఆగలేదు.

మరి ముగ్గు ఆరాక ఎందుకు తెల్లబడుతుంది అంటారేమో! ముగ్గులో నీళ్ళు ఆరిపోయాక పిండి రేణువుల మధ్య గాలి చేరుతుంది, ఆ గాలివల్లే అంత తెలుపు. రంగులో ఆ సందులన్నీ బైండరు నింపేస్తుంది. నీరు పోయినకొద్దీ పొర పలచబడి కింది మెరూను పైకి కనిపిస్తుంది. కాబట్టి అద్దినప్పుడు ఎంత తెల్లగా ఉందో ఆరాక అంతకన్న కాస్త తక్కువే ఉంటుందని లెక్క వేసుకోండి.

ఇక రంగు దిగనప్పుడు చూసుకోవలసినవి.

మొదటిది మెష్. అంటే స్క్రీను గుడ్డ నేత. నేను శుభలేఖలకు వాడే స్క్రీనుమీదే సంచుల డిజైను ఎక్కించుకున్నాను. అది 120 మెష్. అంటే సెంటీమీటరుకు 120 పోగులు. కాగితానికీ, పలచటి ఇంకుకూ అది సరిగ్గా సరిపోతుంది. చిక్కటి తెలుపుకు 43 మెష్ కావాలి. కొన్ని దుకాణాల్లో అంగుళం లెక్కన చెబుతారు, అప్పుడది 110 అవుతుంది. కొనేటప్పుడు సెంటీమీటరు లెక్కా, అంగుళం లెక్కా అని తప్పక అడగండి. మైదా జల్లెడలో బొంబాయి రవ్వ జల్లిస్తే దిగుతుందా? నేను చేసింది అదే. దిగలేదని రవ్వమీద నీళ్ళు పోశాను! ఒక్క సంగతి మరవకండి. 43 మెష్ మీద వెంట్రుకవాసి గీతలు నిలవవు. తెల్లరంగు డిజైనులో గీత ఒక మిల్లీమీటరుకు తగ్గకుండా చూసుకుంటాను. సన్నటి అల్లికలు కావాలని ఎవరైనా అడిగితే ముందే కుదరదని చెప్పేస్తాను.

రెండోది బిగువు. గుడ్డ ఫ్రేముకు డోలక్‌లా బిగిసి ఉండాలి. వేలితో మీటితే మోగాలి. వదులుగా ఉంటే చిక్కటి రంగుకు అంటుకుని, స్క్రీను పైకెత్తినప్పుడు రంగును తనతోపాటే లాక్కుపోతుంది. బట్టమీద మిగిలేది గరుకుగా, గుంటలు గుంటలుగా ఉంటుంది.

మూడోది ఎడం. స్క్రీను బట్టకు పూర్తిగా ఆనకూడదు. మధ్య ఇంచుమించు 3 మిల్లీమీటర్లు, అంటే రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత ఎత్తు ఉండాలి. ఫ్రేము మూలలకింద అట్టముక్కలు అంటిస్తే చాలు. స్క్వీజీ లాగుతున్నప్పుడు ఆ గీత మేరకే గుడ్డ బట్టను తాకి, వెంటనే పైకి లేస్తుంది. అలా లేచినప్పుడే రంగు కన్నాల్లోంచి విడిపడి బట్టమీద నిలుస్తుంది. సంచులతో ఇంకో తంటా ఉంది. కుట్టు దగ్గర బట్ట ఎత్తుగా ఉండి స్క్రీను ఒకపక్కకు ఒరుగుతుంది. సంచి లోపల కుట్లకు తగలనంత చిన్న ప్లైవుడ్ ముక్క పెట్టండి. బల్ల సమంగా ఉంటుంది, రంగు వెనకవైపుకు దిగదు.

నాలుగోది స్క్వీజీ. రబ్బరు అంచు వెలుగులో పెట్టి చూడండి. కొత్త కత్తిపీటలా కోణం ఉండాలి. అరిగి గుండ్రమైతే రంగును కోయకుండా కిందికి తొక్కుతుంది. బల్లమీద గరుకు కాగితం పరిచి, రబ్బరును నిటారుగా పట్టుకుని రుద్దితే అంచు మళ్ళీ తేలుతుంది. లాగేటప్పుడు మరీ పడుకోబెట్టకుండా, నిటారుకు కాస్త వాలుగా పట్టుకోండి. చపాతీలు వత్తినట్టు వత్తకండి. ఎక్కువ నొక్కితే రంగు బట్ట లోపలికి దిగి మాయమవుతుంది, అంచులకింద పాకుతుంది. తెలుపు బట్ట పైన కూర్చోవాలిగాని లోపలికి ఇంకకూడదు.

అయిదోది గాలి. వింటే నవ్వుతారు. నేను సీలింగు ఫాను కింద కూచుని అద్దాను! నీటితో చేసిన రంగు కన్నాల్లోనే ఆరిపోయి దారి మూసేసింది. అద్దకం వేళ ఫాను కట్టెయ్యండి. ఎండాకాలంలో తెల్లవారుజామున పని పెట్టుకోండి. ఒక సంచి అద్దగానే స్క్రీను పైకెత్తి, స్క్వీజీతో రంగును డిజైను మీదికి తేలికగా, నొక్కకుండా లాగి ఉంచండి. కన్నాలు తడిగా నిండి ఉంటాయి, ఆరిపోవు. రెండోసారి లాగినప్పుడు రంగు నిండుగా దిగుతుంది. ఒకవేళ మూసుకుపోతే పిన్నుతో పొడవకండి, స్క్రీను చిరిగిపోతుంది. అడుగువైపునుంచి తడిస్పాంజితో తుడిచి, పాత న్యూస్‌పేపరు మీద రెండుసార్లు అద్ది, మళ్ళీ పనిలోకి దిగండి.

ఇవి అయిదూ చూశాకనే రంగు డబ్బా ముట్టుకోవాలి. అప్పుడైనా ముందు కలపాలి. ఈ రంగు స్వభావం విచిత్రం. కదపకుండా ఉంచితే గట్టిపడుతుంది, కలిపేకొద్దీ జారుగా అవుతుంది. పెరుగు చిలికినట్టన్నమాట. కాకపోతే చిలికిన పెరుగు మళ్ళీ తోడుకోదు, ఇది ఊరుకుంటే మళ్ళీ బిగుసుకుంటుంది. ఆ పూటకు కావలసినంత వేరే గిన్నెలోకి తీసి, అడుగునుంచి అయిదు నిమిషాలు నిదానంగా కలపండి. గిలక్కొడితే బుడగలొచ్చి, అద్దినచోట సూదిబెజ్జాలు పడతాయి. మీగడ కట్టినట్టు పైన ఎండిన పొర ఉంటే తీసెయ్యండి, కలిపేస్తే ఉండలు కడుతుంది. ఉండలుంటే పలచటి పాత నైలాను గుడ్డలో వడగట్టండి. నా డబ్బా రంగు ఆ పెద్దాయన చేతిలో అయిదు నిమిషాల్లో ఇడ్లీపిండిలా అయింది, చుక్క నీరు లేకుండా!

ఇంత చేసినా గట్టిగానే ఉంటే 100 గ్రాముల రంగుకు 2, 3 గ్రాముల నీరు, అంటే అరచెంచా. అంతకు మించవద్దు. గిన్నెతో పోయకండి, స్ప్రే సీసాతో చిమ్మండి. పాతరోజుల్లో ఈ రంగుల్లో కిరసనాయిలు కలిపేవారు. ఇంట్లో ఆ పని పెట్టుకోకండి. వాసన, పైగా నిప్పుభయం. ఫిక్సరు కలిపే రకమైతే ఆ పూటకు చాలినంతే కలుపుకోండి. కలిపింది గట్టిపడిపోయాక మళ్ళీ పలచన చేసి వాడబోతే ఉతుక్కి ఆగదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. డబ్బామీద ప్లాస్టిసాల్ అని ఉంటే అది వేరే జాతి. నీటితో కాదు, పీవీసీతో చేసినది. దానికి నీరు తగలకూడదు. ఉత్తగాలికి ఎన్నాళ్ళయినా ఆరదు. ఇంచుమించు 160 డిగ్రీల వేడి సమంగా తగిలితేనే బిగుస్తుంది. ఇస్త్రీపెట్టెతో అది సరిగా కుదరదు. అందుకు యంత్రం ఉన్నవాళ్ళకే అది వదిలెయ్యండి. అడక్కుండా కొనకండి.

తెల్లదనం చాలకపోతే ఒకేసారి మందంగా వెయ్యకూడదు. పలచగా రెండు పూతలు వెయ్యాలి. ఫ్రేమును బల్లకు తలుపు బందులతో బిగించుకుంటే మళ్ళీ అదేచోట వాలుతుంది. సంచిని కదపకుండా, మొదటి పూతను జుట్టు ఆరబెట్టుకునే డ్రయరుతో చేతికి అంటనంతవరకు ఆరబెట్టి రెండోది వెయ్యండి. ఈలోగా స్క్రీనులో రంగు నిండుగా ఉండాలి. ఒకేసారి మందంగా వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి, మడత పెట్టగానే బీటలిస్తుంది.

ఒకరోజు ఆరాక, డిజైనుపైన నూలుగుడ్డ వేసి, ఆవిరి లేకుండా, నూలుబట్టల వేడిమీద మూడు నాలుగు నిమిషాలు ఇస్త్రీపెట్టె కదుపుతూ ఉంచండి. డబ్బామీద వేరే లెక్క రాసి ఉంటే అదే పాటించండి. ఆ తరవాత ఒక్క సంచి సబ్బునీళ్ళలో ఉతికి, పిండి, ఆరేసి చూడండి. నిలిస్తేనే మిగతావి మొదలుపెట్టాలి. నేను 40 అద్దాక ఒకటి ఉతికాను. ఒకటి అద్ది ఉతికి ఉంటే ఒక్కదానితో పోయేది. అన్నట్టు, రంగు కలిపిన గిన్నె, గరిటె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు సుమా!

పెడననుంచి తిరిగొచ్చిన రోజే 43 మెష్ స్క్రీను బిగించి ఇమ్మని పురమాయించాను. పిన్నిగారికి చెప్పి అక్షరాలు కాస్త లావు చేయించాను. నా డబ్బుతో 40 సంచులు కొన్నాను. ఒకటి అద్ది, ఉతికి, మూడు రోజులు తెల్లవారుజామునే లేచి, ఫాను లేకుండా చెమటలు కక్కుతూ 100 పూర్తిచేశాను. మా అమ్మాయి డ్రయరు పట్టుకుంది, మావారు కాఫీ పెట్టి ఇచ్చారు. పెళ్ళి ముందురోజు పొద్దున్న సంచులు తీసుకెళ్ళాను. పిన్నిగారు ఒకటి వెలుతురులోకి పట్టుకెళ్ళి, పిల్ల పేరుమీద వేలితో రాసి చూసి, లోపలికి తీసుకెళ్ళి దేవుడిదగ్గర పెట్టారు. డబ్బు 100 సంచులకీ ఇచ్చారు, ఒక్కమాటా అనలేదు. కొత్త సంచులకూ, స్క్రీనుకూ పోగా ఆ పనిమీద నాకు మిగిలింది రైలు ఛార్జీలు కూడా కాదు. కాని ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళలో ఇద్దరు తరవాత మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

పాడైన 40 సంచులూ పారెయ్యలేదు. మా వీధిలో అందరికీ తలొకటి ఇచ్చాను. కూరలకు వెళ్ళేటప్పుడు ఇప్పటికీ ఎవరో ఒకరి చేతిలో ఆ మెరూను సంచి కనిపిస్తుంది. దానిమీద కలశం ఎప్పుడో చెరిగిపోయింది.

మీరు కూడా పని మొదలుపెడితే, రంగు దిగనప్పుడు నీళ్ళచెంబు వైపు చెయ్యి వెళ్ళేముందు ఒక్క నిమిషం ఆగి స్క్రీనును చూడండి. సెలవు. నమస్కారం.